జీను మీద బూజు

తెలుగులో బూజు అనే మాట ఒక్కటే గానీ, దానికి అర్థాలు రెండు. గది మూలల్లో సాలీడు అల్లేదీ బూజే, తడి చెయ్యి తగిలిన ఊరగాయ మీద తెల్లగా లేచేదీ బూజే. మొదటి బూజును పండక్కి ముందు పొడుగాటి కర్రకు చీపురు కట్టి దులిపేస్తే సరిపోతుంది. రెండో బూజు దులిపినా మళ్ళీ వస్తుంది, దానికి ప్రాణముంది కాబట్టి. అక్కడ పెరిగిన మనకు ఈ తేడా ఎవరూ పాఠంగా చెప్పలేదు. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు మాత్రం చెప్పవలసి వస్తుంది. 2024 వేసవిలో పిల్లల నానమ్మ "జీనుకు బూజు పట్టింది" అనగానే, మా ఏడేళ్ళ అబ్బాయి టార్చిలైటు పట్టుకుని సాలీడు కోసం వెతకడం మొదలుపెట్టాడు!

తెలుగువాళ్ళ ఇంట్లో వీణ ఉంటుంది, మృదంగం ఉంటుంది, మూలన క్రికెట్ బ్యాటు ఉంటుంది. గుర్రపు జీను ఏమిటని మీకు అనుమానం రావచ్చు. మేముండేది హ్యూస్టన్ పడమటి శివార్లలో. ఇక్కడ ఏటా జరిగే రోడియో 1932లో మొదలైన సంబరం. దానికి ముందు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం గుర్రాల మీదా, గూడు బళ్ళ మీదా రోజుల తరబడి ప్రయాణం చేసి నగరానికి చేరతారు. 1952లో బ్రెన్‌హామ్ నుంచి బయల్దేరిన సాల్ట్ గ్రాస్ ట్రయల్‌తో ఈ ఆచారం మొదలైంది. ఆ రోజుల్లో బడి పిల్లలందరూ టోపీలు, బూట్లు వేసుకుని వెళ్తారు. మన పిల్లలూ వెళ్తారు. మా అమ్మాయికి ఆ సరదా టోపీతో ఆగలేదు. తొమ్మిదో ఏట గుర్రపు స్వారీ నేర్చుకుంటానని పట్టుబట్టింది. శనివారం ఉదయం తెలుగు బడి, సాయంత్రం గుర్రాల శాల. "ఒక పూట గుణింతాలు, ఒక పూట గుర్రాలు" అని వాళ్ళ తాతయ్య ఫోనులో నవ్వేవారు.

జీను మేము కొన్నది కాదు. మా పక్కింట్లో ఎనభై దాటిన అమెరికన్ పెద్దాయన ఒక్కరే ఉంటారు. పిల్లలు ఆయన్ను "తాతా" అనే పిలుస్తారు, ఆయనా పలుకుతారు. ఆయన భార్య చనిపోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ వాడిన జీను అది, 1970లలో చేయించినది. మా అమ్మాయి స్వారీ నేర్చుకుంటోందని తెలిసి, ఒకరోజు దాన్ని తెచ్చి మా గుమ్మంలో పెట్టారు. "అటక మీద ఉంటే దానికీ మంచిది కాదు, నాకూ మంచిది కాదు" అన్నారు. ముప్ఫై అయిదు పౌండ్ల బరువు, అంటే దాదాపు పదహారు కిలోలు. తోలు మీద చేత్తో చెక్కిన పూలు, ఆకులు. మన కొండపల్లి బొమ్మను చూసినట్టు దాన్ని తిప్పి తిప్పి చూశాం.

ఆ వారమే తెలుగు బడిలో "మీ ఇంట్లోని ఒక వస్తువు గురించి పది మాటలు" అని హోంవర్కు ఇచ్చారు. మా అమ్మాయి జీనును ఎంచుకుంది. అప్పుడు తెలిసింది, గుర్రం గురించి మనకెన్ని మాటలున్నాయో. జీను, కళ్ళెం, పగ్గాలు, రికాబు, గిట్టలు, లాడం, జూలు, సకిలింపు, దౌడు... వీటిలో జీను, రికాబు పారశీకం నుంచి వచ్చాయి. మాటలు కూడా గుర్రాల మీదే వచ్చాయన్నమాట! రికాబు అంటే కాలు పెట్టుకునే ఇనుప తొడుగు అని నానమ్మ చెబితే తప్ప మాకూ వెంటనే గుర్తు రాలేదు.

ఇక బూజు సంగతికి వద్దాం.

2024 జూలై 8 తెల్లవారుజామున బెరిల్ తుఫాను మాటగోర్డా దగ్గర తీరం దాటింది. హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా ఇళ్ళకు, దుకాణాలకు కరెంటు పోయింది. కొందరికి రెండో రోజే వచ్చింది. మాకు ఏడో రోజున వచ్చింది. పక్కింటి తాతను రెండో రోజే వాళ్ళబ్బాయి వచ్చి శాన్ ఆంటోనియో తీసుకువెళ్ళారు. మేము ఇంట్లోనే ఉన్నాం. ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ వీధి వీధంతా కలిసి వండుకు తిన్నాం. పిల్లలు పెరట్లో విసనకర్రలతో కూర్చున్నారు. నానమ్మకైతే "మా ఊరు మళ్ళా యాదికొచ్చింది" అని ఒకింత సంతోషమే. ఏసీ లేని ఇల్లు పగలు తొంభై డిగ్రీలకు చేరేది. గోడలు, తలుపులు, పరుపులు అన్నీ చెమ్మగా తగిలేవి. హ్యూస్టన్ గాలిలో తేమ తెల్లవారుజామున తొంభై శాతం దాకా ఉండడం మామూలే. ఆ తేమను రోజూ ఇంట్లోంచి తీసేస్తున్నది ఏసీ అని, అది ఆగిపోయాకే అందరికీ అర్థమవుతుంది.

కరెంటు వచ్చిన మర్నాడు మా అమ్మాయి తన గదిలోని జీను మీది దుప్పటి తీసింది. చెక్కిన పూల సందుల్లో, కాళ్ళ పక్కన వేలాడే వెడల్పాటి తోలు మీద, అడుగున ఉన్న గొర్రెబొచ్చు అంచుల్లో, అంతటా బూడిద రంగు, ఆకుపచ్చ రంగు నూగు. వాసన తడిసిన గోనెసంచి వాసన. పిల్ల ఏడవలేదు. "తాత వచ్చేలోపు పోతుందా?" అని మాత్రం అడిగింది. ఆయన ఆగస్టు చివరికి వస్తానని చెప్పారు. మాకు దాదాపు ఆరు వారాలు ఉంది.

జీనులు బాగుచేసే ఒక పనివాడితో ఫోనులో మాట్లాడాం. ఆయన చెప్పినదీ, మేము చదివి తెలుసుకున్నదీ, నానమ్మకు ముందే తెలిసినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాం. మీ ఇంట్లో జీను లేకపోవచ్చు. కానీ తోలు సోఫా, తోలు సంచి, బెల్టు, బూట్లు, తబలా, మృదంగం ఏదో ఒకటి ఉంటుంది కదా!

బూజు విత్తనాలు కంటికి కనపడనంత చిన్నవి. అవి గాలిలో ఎప్పుడూ ఉంటాయి. మన ఇంట్లోనూ ఉన్నాయి, ఇప్పుడు కూడా. మొలకెత్తడానికి వాటికి కావలసినవి మూడే: తేమ, కదలని గాలి, తినడానికి కాస్త తిండి. తడిసిన వస్తువును 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెట్టాలని ఇక్కడి ప్రభుత్వం చెప్పేది ఇందుకే. ఇంట్లో తేమ అరవై శాతం దాటకుండా, వీలైతే ముప్ఫైకీ యాభైకీ మధ్య ఉండాలి. మాకు ఏడు రోజులు ఆ అవకాశం లేకపోయింది.

తిండి సంగతి వినడానికి కొంచెం వింతగా ఉంటుంది. బాగా ఊనిన తోలును బూజు అంత తేలిగ్గా తినలేదు. అది ముందు తినేది తోలు మీద మనం రాసిన నూనెను, సబ్బు మిగులును, గుర్రం చెమటను, దుమ్మును. నానమ్మకు ఇదే మొదట నమ్మబుద్ధి కాలేదు. "ఆవకాయ మీద నూనె తేలుతుంటే బూజు రాదు గదా బిడ్డా?" అని అడిగింది. మంచి ప్రశ్న. జాడీలో నూనె పైన మూతలాగా నిలబడి గాలిని ఆపుతుంది, లోపల ఉప్పు నీటిని పట్టేస్తుంది. తోలులో నూనె మూతలాగా నిలబడదు, పీచుల్లోకి ఇంకిపోతుంది. అక్కడ గాలీ ఉంటుంది, తేమా ఉంటుంది. కాబట్టి జాడీలో కాపలా కాసే నూనే జీను మీద బూజుకు భోజనమవుతుంది. బూజు పట్టిన తోలు ఎండినట్టు కనపడుతోంది కదా అని ముందే నూనె రాస్తే, బూజుకు పెళ్ళి భోజనం పెట్టినట్టే!

ఇంకో సంగతి. తోలు మీద తెల్లగా, పచ్చగా కనిపించేదంతా బూజు కాదు. ఇత్తడి రింగుల చుట్టూ మైనంలాంటి ఆకుపచ్చ పదార్థం ఉంటే అది చిలుము. తోలులోని కొవ్వు, ఇత్తడిలోని రాగి కలిసి తయారవుతుంది. దాన్ని పుల్లతో గీకి, గుడ్డతో తుడిస్తే చాలు. కొన్నిసార్లు తోలులోని కొవ్వే పైకి వచ్చి తెల్లటి పొడిలాగా పేరుకుంటుంది. దాని మీద హెయిర్ డ్రయర్‌ను గోరువెచ్చగా, దూరం నుంచి క్షణం సేపు ఆడిస్తే కరిగి మాయమవుతుంది. బూజు కరగదు. బూజుకు నూగు ఉంటుంది, వాసన ఉంటుంది, తుడిచిన కొన్నాళ్ళకు మళ్ళీ వస్తుంది. బూజు, చిలుము, తుప్పు అని మనకు వేరు వేరు మాటలుండడం ఊరికే కాదు. పేరు వేరైతే మందు వేరు.

మేము చేసిన పని ఇది. ఎండ బాగా ఉన్న రోజు చూసి, జీనును పెద్ద సంచిలో పెట్టి పెరట్లోకి మోసుకువెళ్ళాం. ఇంట్లో విప్పితే విత్తనాలన్నీ గదుల్లో పడతాయి. మూతికి ఎన్-95 మాస్కులు, చేతికి తొడుగులు. మా అబ్బాయికి ఉబ్బసం ఉంది కాబట్టి వాడిని కిటికీ లోపలే ఉంచి "సూపర్‌వైజర్" ఉద్యోగం ఇచ్చాం. ముందు తడి లేకుండా మెత్తటి బ్రష్షుతో నూగంతా దులిపాం. చెక్కిన పూల సందులకు పాత టూత్ బ్రష్షులు వాడాం. విప్పగలిగిన పట్టీలన్నీ విప్పేశాం, ఎందుకంటే మడతల లోపలే బూజు దాక్కుంటుంది. తరవాత తెల్ల వెనిగరు సగం, నీళ్ళు సగం కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి, ముందు కనపడని చోట ఒక మూల తుడిచి చూశాం. రంగు దిగలేదని నమ్మకం కుదిరాక మిగతాదంతా తుడిచాం. తోలు తడవకూడదు, చెమ్మ తగలాలి, అంతే. ఒకసారి తుడిచిన వైపు గుడ్డతో ఇంకోచోట తుడవకూడదు. అడుగున ఉన్న గొర్రెబొచ్చును గట్టి బ్రష్షుతో దువ్వి, అదే నీళ్ళతో తుడిచాం.

ఆ తరవాత ఆరబెట్టడం. పిల్ల జీనును నడి ఎండలో పెట్టబోతుంటే నానమ్మ ఆపింది. "ఎండల పెట్టకు బిడ్డా, చెక్కలెక్క బిర్రబిగుస్తది. నీడకు పెట్టు, గాలికి పెట్టు" అంది. పనివాడు ఇంగ్లీషులో చెప్పిందీ అదే. వరండా నీడలో, ఫ్యాను ముందు, కింద నుంచి కూడా గాలి ఆడేలా బల్ల మీద పెట్టాం. తోలు ఒక్కరోజులో ఆరింది గానీ బొచ్చు ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. పూర్తిగా ఆరాక జీను సబ్బును కొంచెం నీళ్ళతో నురగ తీసి కడిగి, తుడిచి, మళ్ళీ ఒక రోజు ఆరనిచ్చి, ఆఖరున తోలు మందు చాలా పల్చగా పూశాం. వారం తరవాత రెండు చోట్ల నూగు మళ్ళీ కనపడింది. మళ్ళీ అదే పని. మూడోసారి రాలేదు.

చెయ్యకూడనివి కూడా చెప్పాలి. బ్లీచ్ వాడకూడదు. అది రంగును తినేస్తుంది, తోలు పీచునూ పాడుచేస్తుంది. అంతకన్నా ముఖ్యం, వెనిగరునూ బ్లీచునూ ఎప్పుడూ కలపకూడదు. కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. పిల్లలూ, ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవండి. మంట దగ్గర, హీటరు దగ్గర తోలును ఆరబెట్టకూడదు. మృదంగం, తబలా మీద ఉండే నల్లటి మచ్చకు ఏ తడీ తగలనివ్వకూడదు.

ఈ పని జరుగుతున్న సాయంత్రాల్లో నానమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. మొదటి రోజు ఆమె ఒక కథ చెప్పింది. అది కథ కాదు నిజానికి. నల్లగొండ జిల్లాలో ఆమె పుట్టిన ఊళ్ళో, మోటార్లు రాకముందు, బావి నుంచి పొలానికి నీళ్ళు మోటతో తోడేవాళ్ళు. రెండు ఎడ్లు ఏటవాలు బాట మీద కిందికి నడుస్తుంటే, మోకు చివర కట్టిన పెద్ద తోలు సంచి నీళ్ళు నింపుకుని పైకి వచ్చేది. ఆ తోలు సంచిని కుట్టేది, చిరిగితే బాగుచేసేది ఊరి చివర ఉండే మాదిగ కులం పెద్దాయన. ఎడ్ల పట్టెడలు, చెప్పులు, పండక్కి డప్పు, అన్నీ ఆయన చేతివే. పచ్చి తోలును సున్నం నీళ్ళలో నానేసి వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క నానబెట్టిన నీళ్ళలో రోజుల తరబడి ఊనబెడితే అది కుళ్ళని తోలవుతుంది. కరక్కాయలో, బాగా మరిగిన టీలో ఉండే వగరు ఉంది చూశారా, తంగేడు చెక్కలో ఉన్నదీ అలాంటి పదార్థమే. అదే తోలు పీచును పట్టి నిలబెడుతుంది. 19వ శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు వెళ్ళిన తోళ్ళు చాలావరకు ఈ తంగేడు చెక్కతో ఊనినవే. మన ఆడపిల్లలు ఇక్కడ బతుకమ్మకు పసుపు పచ్చ ప్లాస్టిక్ పూలు పెట్టి "తంగేడు" అనుకుంటారే, ఆ చెట్టే ఇది. తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా.

"ఆయన చెయ్యి పడకుంటే మా పొలానికి చుక్క నీళ్లు లెవ్వు. గానీ ఆయన్ని మాత్రం గడప తొక్కనియ్యకపోతుండె. మంచినీళ్లు అడిగితే దోసిట్ల పైనుంచి పోసేటోళ్లు" అంది నానమ్మ.

మా అమ్మాయి బ్రష్షు ఆపి "ఎందుకు?" అంది.

"తోలు ముట్టుకుంటడని."

"మనమూ ఇప్పుడు ముట్టుకుంటున్నాం కదా?"

నానమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అది అన్యాయం బిడ్డా. అప్పుడు మాకు చెప్పేటోళ్లు లేరు. నువ్వు అడుగుతున్నవ్, గంతే చాలు" అంది. ఆ తరవాత తనే చేతికి తొడుగు తొడుక్కుని ఒక పట్టీ తీసుకుంది. ఆ చేతులు తోలు తుడవడం మేము అదే మొదటిసారి చూడడం. అంటరానితనాన్ని రద్దు చేసిన మన రాజ్యాంగం 1950లో అమలులోకి వచ్చింది. అది ప్రతి ఇంటి గడప దాకా రావడానికి ఎన్ని ఏళ్ళు పట్టిందో, ఇంకా ఎన్ని గడపలు మిగిలాయో మన పిల్లలకు పుస్తకాల్లో అంతగా దొరకదు. మన భాషను ఇక్కడికి తెచ్చుకున్నట్టే మన ఊళ్ళ సంగతులు కూడా తెచ్చుకున్నాం. వాటిలో మంచివి మాత్రమే పిల్లలకు చెప్పి, మిగతావి పెట్టెలో మూసిపెడితే ఏమవుతుందో ఈ జీనును చూశాక మాకు బాగా తెలిసింది.

బూజు పోయింది. మరకలు పోలేదు. ఎడమవైపు వేలాడే తోలు మీద అరచేయంత నల్లటి మచ్చ, పూల చెక్కుడు చుట్టూ చిన్న చిన్న చుక్కలు మిగిలాయి. బూజు వదిలిన రంగు పీచు లోపలికి దిగిపోతుంది. పైన ఎంత తుడిచినా రాదు. పనివాడిని అడిగితే, మొత్తం జీనుకు ముదురు రంగు వేస్తే కప్పుకుంటుందని, కానీ పాత తోలు అందం కూడా దాంతో పాటు పోతుందని అన్నారు. "మరక గుర్రానికి తెలియదు. పట్టీలు చూశారా?" అని తిరిగి అడిగారు.

అసలు సంగతి అదే. జీనును గుర్రం పొట్ట కింద బిగించేవి రెండు మూడు పట్టీలు. రికాబులను మోసేవి రెండు పట్టీలు. స్వారీలో ఉండగా వాటిలో ఒకటి తెగితే పిల్ల కింద పడుతుంది. బూజు, తేమ అన్నిటికన్నా ముందు దెబ్బతీసేది కుట్టు దారాన్ని, పట్టీల మడతలను. కాబట్టి ప్రతి పట్టీని వంచి చూడాలి. వంచినచోట సన్నటి పగుళ్ళు కనపడితే మార్చేయాలి. కుట్టును వేలి గోటితో లాగి చూడాలి. బకిలు కన్నాలు సాగి పొడుగయ్యాయా చూడాలి. మేము ఒక్కొక్కటీ చూశాం. కుట్లు గట్టిగానే ఉన్నాయి. ఎడమవైపు బిగించే పొడుగాటి పట్టీ మాత్రం మడత దగ్గర చెట్టు బెరడులా పగిలి ఉంది. అది ఈ బూజువల్ల వచ్చింది కాదు, ఏళ్ళ నాటి వాడకం. అయినా మచ్చల మీదే అందరి దృష్టీ ఉంటే దాన్ని ఎవరు చూసేవారు?

పక్కింటి తాత ఆగస్టు చివరి వారంలో వచ్చారు. మా అమ్మాయి మాతో చెప్పించలేదు. తనే ఆయన్ను పెరట్లోకి పిలుచుకువచ్చి, "తుఫానప్పుడు బూజు పట్టింది. అందరం కలిసి శుభ్రం చేశాం. ఈ మచ్చ పోవట్లేదు" అని చూపించింది. ఆయన మచ్చ మీద చెయ్యి పెట్టి కాసేపు ఉంచారు. ఆ తరవాత వంగి పట్టీలు ఒక్కొక్కటే లాగి చూశారు, సరిగ్గా మేము చేసినట్టే. ఎడమవైపు పట్టీ దగ్గరికి వచ్చి, "ఇది మార్చాలి" అన్నారు. "కొత్తది శుక్రవారం వస్తుంది" అంది పిల్ల. ఆయన తలూపి, తన భార్య ఈ జీను మీద కూర్చుని తీయించుకున్న ఫోటో ఒకటి తెచ్చి ఇస్తానన్నారు. మర్నాడు తెచ్చారు. ఆ ఫోటోలో జీను కొత్తది, మచ్చలు లేనిది. ఇప్పుడు అది మా అమ్మాయి గదిలో, జీను ఉన్న బల్ల పైన గోడకు ఉంది.

ఇప్పుడు మేము పాటించేవి ఇవి. జీను గాలి ఆడే చెక్క బల్ల మీద ఉంటుంది, గోడకు ఒక జానెడు దూరంలో. ప్లాస్టిక్ కవరు వెయ్యం, నానమ్మ పాత నేత చీరతో కుట్టిన గుడ్డ వేస్తాం. గదిలో తేమ కొలిచే చిన్న యంత్రం ఉంది. అది అరవై దాటితే తేమ తీసే మిషను పెడతాం. ఆ అంకె చూసి చెప్పే పని మా అబ్బాయిది, వాడి సూపర్‌వైజర్ ఉద్యోగం పర్మనెంటు అయింది. స్వారీ అయిన ప్రతిసారీ చెమట తుడుస్తాం. పది రోజులకొకసారి, స్వారీ ఉన్నా లేకపోయినా, జీనును కదిలించి పట్టీలు విప్పి చూస్తాం. నూనె ఏడాదికి ఒకటి రెండుసార్లు, అదీ పల్చగా. కరెంటు పోయే తుఫాను వస్తుందని తెలిస్తే దుప్పట్లు తీసేసి అన్నిటికీ గాలి తగలనిస్తాం. తోలుకు అన్నిటికన్నా మంచి మందు వాడకమేనని పనివాడు చివర్లో చెప్పారు. వారం వారం గుర్రం మీదికెక్కే జీనుకు బూజు పట్టడం అరుదట.

ఈ మాట విన్నప్పుడు మాకు తెలుగు బడే గుర్తొచ్చింది. మన పిల్లలు "ళ" పలకలేరని, "ఱ" ఏమిటో తెలియదని, మాటల మధ్యలో ఇంగ్లీషు దొర్లుతుందని మనం బాధపడుతుంటాం. అవి మరకలు. కొన్ని పోతాయి, కొన్ని పోవు. చూడవలసింది పట్టీలను. నానమ్మ ఫోను చేస్తే అయిదు నిమిషాలు మాట్లాడగలుగుతున్నారా, "ఎందుకు?" అని తెలుగులో అడగగలుగుతున్నారా, అడిగినదానికి మనం జవాబు చెబుతున్నామా? ఆ కుట్టు గట్టిగా ఉంటే భాష వాళ్ళను మోస్తుంది. అది కూడా వారం వారం బయటికి తీస్తేనే. ఏడాదికొకసారి వార్షికోత్సవం రోజున మాత్రమే దుప్పటి తీసి చూస్తే చాలదు.

పిల్లలూ, ఈ శనివారం ఇంటికి వెళ్ళాక ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో మూసిపెట్టిన తోలు వస్తువు ఏదుందో వెతకండి. తాతగారి చెప్పులు కావచ్చు, నాన్నగారి పాత బ్రీఫ్‌కేసు కావచ్చు, ఎప్పుడో నేర్చుకోవడం మానేసిన మృదంగం కావచ్చు. అమ్మానాన్నలను పిలిచి నీడలో, గాలిలో పెట్టి చూడండి. నూగు కనపడితే మాస్కు పెట్టుకోవడం మర్చిపోవద్దు. అది ఎవరిది, ఎక్కడిది, దాన్ని ఎవరు చేశారు అని ఇంట్లో పెద్దవాళ్ళను తెలుగులో అడగండి. జవాబు పొడుగ్గా వస్తే, ఓపిగ్గా కూర్చుని వినండి.